సూర్యుడి తరుగు లెక్క

చంద్రగిరి,
ఆరుద్ర కార్తె

పాపలకూ అబ్బోళ్లకూ,

నిన్న సాయంత్రం మీరు మా మిద్దె మీద మరిచిపోయిన నోటుబుక్కు చూశాను. పైన హెడ్డింగు ‘నక్షత్రాలలో కేంద్రక సంలీనం’. పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత కొట్టి ఒక పక్క ‘లాభాలు’, ఇంకో పక్క ‘నష్టాలు’ అని రాసుకున్నారు. లాభాల కింద వెలుగు, వేడి అని రెండు మాటలున్నాయి. నష్టాల కింద ఏమీ లేదు. అందుకు మిమ్మల్ని తిట్టను. లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని ప్రశ్న ఇచ్చినవాళ్లే చెప్పలేదు కదా. గొంతు పట్టేసి మాట పెగలడం లేదు, అందుకే ఉత్తరం రాస్తున్నా.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. సైన్సు టీచరుగా చేరిన కొత్తలో రెండు మూడేళ్లు పిల్లలకు ‘సూర్యుడంటే మండే అగ్గి’ అని చెప్పాను. మండటమంటే ఆక్సిజన్‌తో కలవటం. సూర్యుడు అలా మండే బొగ్గుల కుప్పే అయితే ఐదారు వేల ఏళ్లలో బూడిదై ఉండేవాడు. ఆయన వయసేమో 460 కోట్ల ఏళ్లు. నడిమధ్యలో కోటిన్నర డిగ్రీల వేడి, పైన మోయలేనంత బరువు. ఆ ఒత్తిడిలో హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, గుద్దుకుని గుద్దుకుని అంచెలంచెలుగా నాలుగు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. సంలీనం అంటే ఇదే.

ఇక్కడ తరుగు సంగతి చెప్పాలి. మా నాయన పాకాల దగ్గర చెరకు గానుగ ఆడించేవాడు. బెల్లం మండీకి తోలితే తూకంలో తరుగు తీసేవాళ్లు. ఆ మాట వింటేనే నాయనకు ఒళ్లు మండేది. సూర్యుడి దగ్గర కూడా తరుగు ఉంది. వెయ్యి కేజీల హైడ్రోజన్ కలిస్తే వచ్చే హీలియం 993 కేజీలే. ఆ ఏడు కేజీలు ఎవరూ కొట్టేయలేదు, శక్తిగా మారిపోయాయి. సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా హీలియం అవుతుంటే, అందులో 40 లక్షల టన్నులకు పైనే తరుగు పోతోంది. మీరు లాభాల కింద రాసిన వెలుగూ వేడీ మొత్తం ఈ తరుగే. సూర్యుడి ఖాతాలో అది నష్టం, మన ఖాతాలో జమ. అయినా ఆయన పెద్దగా చిక్కిపోలేదులెండి. ఇన్నేళ్లలో ఈ దారిన పోయిన బరువు పదివేల వంతుల్లో మూడు వంతులే.

లాభాల్లో నన్నడిగితే మొట్టమొదట రాయాల్సింది వెలుగు కాదు, నిదానం. సూర్యుడి నడిబొడ్డున మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ముక్కను కోసి తెచ్చి, అక్కడ పుట్టే శక్తిని కొలిస్తే 300 వాట్లు కూడా ఉండదు. మూడు నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతాయి, అంతే. బాగా మాగుతున్న పెంటదిబ్బ లోపల కూడా దాదాపు అంత వేడి పుడుతుంది. కేజీకి కేజీ లెక్క కడితే నీ ఒంట్లో పుట్టే వేడి సూర్యుడి కంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ! ఆయన అంత వెలుగుతున్నాడంటే పరిమాణం వల్లే.

ఎందుకంత నిదానం? రెండు ప్రోటాన్లు దగ్గరికి రావటమే కష్టం, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వచ్చినా సరిగ్గా ఆ క్షణంలోనే వాటిలో ఒకటి న్యూట్రాన్‌గా మారాలి. అది ఎంత అరుదంటే, సగటున ఒక ప్రోటాన్ తన వంతు కోసం 900 కోట్ల ఏళ్లు కాచుకోవాలి. తిరుమల క్యూలో కంపార్టుమెంటు తలుపు తీయలేదని గోల చేస్తామే, దాని ఓర్పు ముందు మనమెంత! ఆ ఓర్పే లేకపోతే సూర్యుడు ఏనాడో ఖర్చయిపోయేవాడు. భూమ్మీద ప్రాణం పుట్టాక మన దాకా రావటానికే 300 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది.

ఇంకో సుగుణం, తనను తానే అదుపు చేసుకోవటం. కలయికలు ఎక్కువైతే వేడి పెరిగి నడిభాగం ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడుతుంది, కలయికలు తగ్గుతాయి. మరీ తగ్గితే పైబరువు నొక్కి మళ్లీ వేడెక్కిస్తుంది. పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోకుండానే మంట దానంతటదే సర్దుకుంటుంది. అక్కడ పుట్టేది కూడా మనం చూసే వెలుగు కాదు, ప్రాణాలు తీసే గామా కిరణాలు. అవి లోపలి నుంచి పైకి వచ్చేసరికి వేల ఏళ్లు, కొన్ని లెక్కల్లో లక్ష ఏళ్లకు పైనే పడుతుంది. దారి పొడవునా తగిలి తగిలి నీరసపడి వెలుగుగా బయటికొస్తాయి. అక్కడి నుంచి మన మిద్దె మీదికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు.

సరే, ఖాళీగా ఉన్న పక్కకు వద్దాం.

బెల్లం వండేటప్పుడు పాకాన్ని కలియబెడుతూనే ఉండాలి. లేకపోతే అడుగు మాడుతుంది, పైది పచ్చిగా ఉంటుంది. సూర్యుడి నడిభాగంలో తెడ్డు పెట్టి తిప్పేవాళ్లు లేరు. అడుగున హీలియం పేరుకుంటుంది, పైనున్న హైడ్రోజన్ కిందికి దిగదు. అందువల్ల ఆయన దగ్గరున్న సరుకులో దాదాపు పదో వంతే పొయ్యిలోకి పోతుంది. ప్రాక్సిమా సెంటారి లాంటి చిన్న ఎర్ర చుక్కలు లోపలంతా కలియతిరుగుతాయి కాబట్టి లక్షల కోట్ల ఏళ్లు బతుకుతాయి. సూర్యుడి తిండి మాత్రం మన పెళ్లి భోజనాల తీరు, విస్తట్లో వదిలేసేదే ఎక్కువ.

అసలు నష్టం ఆ సరుకు అయిపోకముందే మొదలవుతుంది. నాలుగు కణాలుండే చోట ఒకటే మిగిలితే పైబరువును తోసి నిలబెట్టేవాళ్లు తగ్గినట్టే. దాంతో నడిభాగం మెల్లగా కుంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, సూర్యుడు మరింత ప్రకాశిస్తాడు. పుట్టినప్పటి కంటే ఇప్పటికే ఆ వెలుగు దాదాపు 40 శాతం పెరిగింది. ఇంకో 100 కోట్ల ఏళ్లకు మరో పది శాతం పెరిగితే సముద్రాలు ఆవిరవుతాయని లెక్కలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, అప్పుడు రోళ్లతో ఆగదు.

మాటలో మాట, ఆ రోహిణి చుక్క ఎవరో తెలుసా? 65 కాంతి సంవత్సరాల దూరంలో, నడిభాగంలో హైడ్రోజన్ అయిపోయి, సూర్యుడికి 40 రెట్లకు పైగా ఉబ్బిన ముసలి నక్షత్రం. మన సూర్యుడు కూడా 500 కోట్ల ఏళ్ల తర్వాత ఆ దారే పడతాడు. బుధుణ్ణీ శుక్రుణ్ణీ మింగేస్తాడు.

ఇప్పుడు నడుస్తున్న కార్తె చుక్క ఆరుద్ర కథ ఇంకోలా ఉంటుంది. బరువులో సూర్యుడికి పది రెట్లకు పైమాటే. సరుకు ఎక్కువ కదా ఎక్కువ కాలం వస్తుందనుకుంటాం. రాదు. బరువు కొద్దీ వేడి, వేడి కొద్దీ దుబారా. శేషాచలం రాళ్ల వయసు 100 కోట్ల ఏళ్లకు పైమాటే, ఆ చుక్కకేమో సుమారు కోటి ఏళ్లు. రాక్షసిబల్లులు అంతరించేనాటికి అది పుట్టనే లేదు, ఇప్పటికే చావుకు దగ్గర పడింది!

అలాంటి పెద్ద చుక్కల్లో బూడిదే మళ్లీ కట్టెలవుతుంది. హైడ్రోజన్ అయిపోతే హీలియం కలిసి కార్బన్, ఆ తర్వాత ఆక్సిజన్, సిలికాన్, ఇలా మెట్లు. సూర్యుడికి 25 రెట్ల బరువున్న చుక్క హైడ్రోజన్‌తో 70 లక్షల ఏళ్లు గడిపితే, కార్బన్‌తో 600 ఏళ్లు గడుపుతుంది. చివరి సిలికాన్ దశ ఒక్క రోజు. అదయ్యాక మిగిలేది ఇనుము. ఇనుము దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇంక కలిపితే తరుగు ఉండదు, ఎదురు పెట్టుబడి అడుగుతుంది. పెట్టేవాడు లేడు. ఆ ఇనుప గడ్డ దాదాపు 1.4 సూర్యుళ్ల బరువు దాటగానే సెకను లోపల కూలిపోతుంది, పైభాగం పేలిపోతుంది. ఇలాంటి హద్దు ఒకటి ఉందని 1930లో ఓడలో ఇంగ్లండు పోతూ లెక్కగట్టింది మద్రాసులో చదువుకున్న 19 ఏళ్ల కుర్రాడు, చంద్రశేఖర్. (మీరు బస్సులో ఫోన్ చూస్తారు. సరే, ఏమీ అనను.)

2019 చివర్లో ఆరుద్ర బాగా మసకబారితే ఇంక పేలిపోతుందని అందరూ ఒకటే హడావుడి. చూస్తే దుమ్ము మేఘం అడ్డం వచ్చింది. పేలినా మనకు టెన్షన్ అక్కర్లేదు, వందల కాంతి సంవత్సరాల దూరం.

ఆ పేలుడును మాత్రం నష్టాల కింద రాసి సరిపెట్టకండి. కల్యాణి డ్యాం నీళ్లు ఒక గ్లాసు తీసుకోండి. అందులో హైడ్రోజన్ ఏ చుక్కలోనూ తయారైంది కాదు, 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైన నిమిషాల నాటి పాత సరుకు. ఆక్సిజన్ అంతా చుక్కల పొయ్యిలో వండిందే. ఆ చుక్కలు పేలో, పొరలు రాల్చుకునో పోకపోయి ఉంటే లోపలే ఉండిపోయేది, నీళ్లనే మాట ఉండేది కాదు. బంగారాన్ని మాత్రం ఈ జాబితాలో వేయకండి. అది సంలీనం వల్ల రాదు. న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పెద్ద చుక్కలు పేలాక మిగిలే గట్టి గడ్డలు, రెండు ఢీకొన్నప్పుడు బంగారం లాంటి బరువైన మూలకాలు పుడతాయని 2017 ఆగస్టు 17న చూసిన ఢీ తర్వాత గట్టి ఆధారం దొరికింది. కొట్లో వేసే తరుగుకు, ఈ తరుగుకు సంబంధం లేదు.

సౌర తుఫాన్లు రాయాలా అని పేజీ అంచున ఒకరు పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టారు. వద్దు. అవి సూర్యుడి పైభాగంలో అయస్కాంత క్షేత్రాలు మెలికలు పడి తెగటం వల్ల వచ్చేవి. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో తొమ్మిది గంటలు కరెంటు పోగొట్టింది అలాంటిదే. వాటి మీద నిఘాకే మన జిల్లా శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 వెళ్లింది. అది వేరే వ్యాసం.

ఒక్కటి గుర్తుంచుకోండి. కార్తె పేరు ఆరుద్ర కాబట్టి రాత్రికి ఆరుద్ర కనిపిస్తుందని మిద్దెక్కేరు. ఇప్పుడు సూర్యుడు ఆ చుక్క దగ్గర్లోనే ఉన్నాడు, కార్తెకు ఆ పేరు అందుకే. అది పగలు తిరుగుతోంది. డిసెంబరులో భోజనాలయ్యాక రండి. తూర్పున గొల్లకావడి, అంటే వరసగా ఉండే మూడు చుక్కలు, నిలువుగా లేచి ఉంటుంది. దానికి ఎడమ పక్క ఎర్రగా ఆరుద్ర, ఇంకా పైన నారింజ రంగులో రోహిణి. స్వెటర్లు తెచ్చుకోండి. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, మధ్యలో ఆ గీత చెరిపేశాను.

మీ
మిద్దె అవ్వ