‘స్క్రీన్‌షాట్ పెట్టండి’ వెనక ఇరవై ఏళ్లు

కూకట్‌పల్లిలో నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లోనే చీరలు అమ్ముతారు. దుకాణమంటే ముందు గదిలో ఒక బీరువా, కిటికీ పక్కన రింగ్ లైటు. రాత్రి భోజనాలయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ మొదలవుతుంది. కొంగు పరిచి, అంచు వేళ్ల మీదికి తీసుకుని చూపించి, ధర చెప్పి, ప్రతి చీరకూ ఒకే మాట అంటారు: ‘నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టండి.’ చీర బొమ్మ వాట్సాప్‌కు వస్తుంది. ఆవిడ ఫోన్‌పే నంబరు ఇస్తారు. డబ్బు పంపినవాళ్లు మరో స్క్రీన్‌షాట్ పెడతారు. మొదటిది ఆర్డరు, రెండోది రసీదు.

ఈ రెండో స్క్రీన్‌షాట్ దగ్గరే అసలు చిక్కంతా ఉంది. డబ్బు నడిచే దారి ఒకచోట, సరుకు చూపించే వేదిక మరోచోట పెరిగాయి. రెండింటినీ ముడివేసే పని ఎవరూ చేయకపోతే చిన్న వ్యాపారులే ఒక బొమ్మతో ముడివేసుకున్నారు.

కనపడని మనిషికి సరుకు అమ్మడం కొత్తేమీ కాదు. పాత వారపత్రికల ప్రకటనల్లో ‘వి.పి.పి. ద్వారా పంపబడును’ అని ఉండేది. పోస్ట్‌మన్ పార్సిల్ ఇచ్చి డబ్బు తీసుకునేవాడు, నమ్మకం బరువు తపాలా శాఖ మోసేది. 2010లో ఫ్లిప్‌కార్ట్ తెచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ దాదాపు ఆ పద్ధతే. ఇంట్లో కూర్చుని అమ్మేవాళ్లకు అది గిట్టుబాటు కాదు. తలుపు దగ్గర ‘వద్దు’ అంటే రానుపోను ఖర్చు వాళ్ల నెత్తినే. అందుకే ఫేస్‌బుక్ పేజీల తొలిరోజుల్లో కొనేవాళ్లే బ్యాంకుకు వెళ్లి, అమ్మేవారి ఖాతాలో డబ్బు కట్టి, ముద్ర పడిన చలానా ఫొటో వాట్సాప్‌లో పంపేవారు. నేటి స్క్రీన్‌షాట్‌కు తాత ఆ చలానాయే. కాకపోతే దాని మీద బ్యాంకు ముద్ర ఉండేది.

డబ్బు దారికి మాత్రం పునాది మన హైదరాబాద్‌లోనే పడింది. మాసబ్ ట్యాంక్ దగ్గర క్యాజిల్ హిల్స్‌లో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. ఒక బ్యాంకు కార్డుతో మరో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీయడానికి వీలుగా, ఆ సంస్థ 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను నడపడం మొదలుపెట్టింది. 2009లో అది జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు అప్పటికప్పుడు డబ్బు పంపే ఐఎంపీఎస్ 2010 నవంబరులో వచ్చింది, అది ఆ స్విచ్ ఆధారంగా నిలబడింది. 2016 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన యూపీఐ ఐఎంపీఎస్ మీద నిలబడింది. ఇడ్లీ బండికి వేలాడే స్కానర్ అట్టకు ఇంత వంశవృక్షం ఉందని బండివాడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

2016 అక్టోబరులో దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు దాదాపు లక్ష. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. డిసెంబరుకు ఆ లావాదేవీలు 20 లక్షలకు చేరాయి. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటాయి. ఈ ఘనతంతా నోట్ల రద్దుకే కట్టబెట్టడం నాకు సమ్మతం కాదు. 2016 సెప్టెంబరులోనే జియో వచ్చి డేటాను చవక చేసింది. వ్యాపారి అట్టను తీసేయకుండా ఉంచుకున్నది మాత్రం రుసుము లేకపోవడం వల్లనే. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి నుంచి ఏమీ వసూలు చేయరాదని కేంద్రం నిర్ణయించింది. కెన్యాలో 2007లో మొదలైన ఫోన్ చెల్లింపుల సేవ ఎం-పెసా ఒక టెలిఫోన్ కంపెనీది, అక్కడ రుసుములున్నాయి. బ్రెజిల్‌లో 2020లో వచ్చిన ఇలాంటి సేవ పిక్స్‌ను కేంద్ర బ్యాంకే నడుపుతోంది. మన దగ్గర లావాదేవీలు నడిపే ఖర్చులో కొంత ప్రభుత్వం ప్రోత్సాహకాల రూపంలో భరిస్తోంది. 2024-25కు కేటాయించినది సుమారు 1,500 కోట్ల రూపాయలు. యాప్ కంపెనీలు సౌండ్‌బాక్సు అద్దెల మీద, వ్యాపారులకు ఇప్పించే అప్పుల మీద ఆదాయం వెతుక్కుంటున్నాయి.

ఆ సౌండ్‌బాక్సుకూ ఒక కారణముంది. దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. బజ్జీలు వేసే చేతికి నూనె, ఫోను తీసి చూసే తీరిక లేదు. డబ్బు పడిందని పెట్టె గట్టిగా చెబితే చాలు.

ఇంటి నుంచి అమ్మేవాళ్లకు డబ్బునూ సరుకునూ కలిపే ముడి వాట్సాప్‌లోనే పడాల్సింది. చిన్న వ్యాపారుల కోసం బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది, మరుసటి నెలలోనే చెల్లింపుల ప్రయోగమూ మొదలైంది. చెల్లింపులకు పూర్తి అనుమతి 2020 నవంబరులో గానీ రాలేదు, అదీ రెండు కోట్ల మంది పరిమితితో. పరిమితి పూర్తిగా తొలగింది 2024 చివర్లో. అప్పటికే ‘ఫోన్‌పే చేస్తాను’ అన్నది తెలుగు క్రియ అయిపోయింది. ఇక వేదిక సంగతి. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధంతో అక్కడ జనాన్ని కూడగట్టుకున్నవాళ్లు రాత్రికి రాత్రి ఖాళీ చేతులతో మిగిలారు. అద్దె కొట్టు ఖాళీ చేయించేటప్పుడైనా యజమాని కొంత గడువిస్తాడు.

కూకట్‌పల్లి ఆవిడ ఒకసారి దొంగ స్క్రీన్‌షాట్ నమ్మి గద్వాల చీర పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఆవిడ దగ్గర పొడవాటి నోటు పుస్తకం ఒకటుంది. ఒక గడిలో చీర రంగు, పక్కన పేరు, ఆ పక్కన యూటీఆర్ నంబరు, అంటే ప్రతి చెల్లింపుకూ విడిగా వచ్చే గుర్తింపు సంఖ్య, చివరి నాలుగంకెలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అవే అంకెలు కనిపించాకే పార్సిల్‌కు టేపు వేస్తారు.