వేళ్ల నంబర్ల గొడవ: అసలు ముడి 1753లో ఉంది

పియానో గ్రేడ్ పరీక్షలు దగ్గరపడేసరికి మన వైజాగ్‌లో ఫింగరింగ్, అంటే ఏ స్వరానికి ఏ వేలు వాడాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. షీట్‌లో నోట్స్ (స్వరాల) మీద వేసిన వేళ్ల నంబర్లు (బొటనవేలు 1, చిటికెనవేలు 5) తప్పకూడదని కొందరు టీచర్లు, సైట్ రీడింగ్‌లో, అంటే కొత్త పేజీని అప్పటికప్పుడు చూసి వాయించేటప్పుడు, ఏ వేలో పిల్లలే తేల్చుకోవాలని ఇంకొందరు. ఈ ముడి ఎక్కడుందో చూడ్డానికి నేరుగా 1753కి వెళ్దాం.

ఆ ఏడాది బెర్లిన్‌లో సంగీతకారుడు సి.పి.ఇ. బాఖ్ కీబోర్డ్ వాయించే పద్ధతి మీద పుస్తకం వేశాడు. అందులో ఏం రాశాడంటే, వాళ్ల నాన్న, అంటే పేరుమోసిన జె.ఎస్. బాఖ్, కుర్రతనంలో విన్న గొప్ప గొప్పవాళ్లు కూడా దూరం మెట్లు అందుకోవాల్సొస్తే తప్ప బొటనవేలు వాడేవాళ్లు కాదట! మరి స్కేల్ (వరసగా ఎక్కే, దిగే స్వరాలు) ఎలా అంటే మూడో వేలు, నాలుగో వేలు ఒకదాని మీంచి ఒకటి దాటించుకుంటూ పోయేవాళ్లు. సంగీతంలో షార్ప్‌లు, ఫ్లాట్‌లు (ఎక్కువగా నల్ల మెట్ల మీద పడే స్వరాలు) పెరిగేసరికి ఆ పద్ధతి చాల్లేదు, అప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల కిందనుంచి దూరి చెయ్యిని ముందుకి జరపడం మొదలైంది. ఇవాళ మన పిల్లలు సీ మేజర్ స్కేల్‌ని 1 2 3 1 2 3 4 5 అని వాయించేది అందుకే. సంగీతం మారితే వేళ్లు మారాయి, వేళ్లని బట్టే నంబర్లూ మారాయి.

నంబర్లు పట్టుకుంటే చేతికి అలవాటు కుదురుతుందంటారు, నిజమే, రోజూ సాధన చేసే పీస్‌కి అది కావాలి కూడా. కానీ మొదటిసారి చూసే పేజీ సంగతేంటి? ఎంవీపీ కాలనీలో ఒక పాప నంబర్లు లేని షీట్ వాయిస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. కుడిచెయ్యి జీ అనే నోట్ మీద మొదలు, పాప అలవాటుగా బొటనవేలు పెట్టేసింది, ట్యూన్ ఏమో కిందకి సీ దాకా దిగుతోంది, రెండో బార్‌లోనే వేళ్లు అయిపోయి ఆగిపోయింది, కళ్లలో నీళ్లు. లైన్‌లో అన్నిటికన్నా పై నోట్ ఏది, కింద నోట్ ఏది అని ముందే చూసుకుంటే జీ మీద చిటికెనవేలు పెట్టేది, ఐదు వేళ్లూ సరిగ్గా సరిపోయేవి. ఆ చూపు ఎవరూ నేర్పలేదు, నంబర్లే నేర్పారు.

1915లో ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ కూడా తన ఎట్యూడ్‌లకి (సాధన కోసం రాసిన పీసులకి) కావాలనే ఫింగరింగ్ వెయ్యలేదు, ఒకరి చెయ్యి ఇంకొకరి చెయ్యిలా ఉండదు కాబట్టి ఎవరివి వాళ్లే వెతుక్కోమన్నాడు.

ఇప్పుడు కొన్ని క్లాసుల్లో నంబర్ తప్పితే మార్కులు కోస్తున్నారు. గ్రేడ్ పరీక్షలు పెట్టే బ్రిటిష్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎమ్ పరీక్షలోనేమో సైట్ రీడింగ్‌కి ముందు చూసుకోడానికి అర నిమిషం ఇస్తారు, పీసుల మీద అచ్చేసిన ఫింగరింగ్ సలహా మాత్రమే, కచ్చితంగా పాటించక్కర్లేదు.