పడవ పంకాకు ఎన్ని అంగుళాల పిచ్ కావాలి?

నాగార్జునసాగర్ జలాశయంలోనో, సోమశిల దగ్గర కృష్ణలోనో చిన్న మరపడవ నడపాలనుకునేవారు ఇంజను ఎన్ని హార్స్‌పవరో పదిసార్లు అడుగుతారు. నీళ్లలో మునిగి తిరిగే పంకా (ప్రొపెల్లర్) సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, ఇంజనుతో పాటు వచ్చిందే చాలనుకుంటారు. ఇంజను శక్తి ఎంతైనా నీటికి చేరవలసింది ఆ పంకా ద్వారానే. అది సరిపోకపోతే ఎక్కువ డబ్బు పోసి కొన్న హార్స్‌పవర్‌లో కొంత వృథా అయినట్టే.

పంకా బొడ్డు (రెక్కలు అతికి ఉండే నడిమి భాగం) మీద సాధారణంగా రెండు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 10.5 × 13. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. నీరు ఏమాత్రం జారకుండా గట్టిగా ఉన్నదనుకుంటే, ఒక్క చుట్టుకు పంకా ఎంత ముందుకు సాగుతుందో ఆ దూరమే పిచ్.

రెక్క మెలితిరిగి ఉండటానికి కారణం కూడా ఇదే. బొడ్డు దగ్గరి భాగం చిన్న వృత్తంలో, కొన భాగం పెద్ద వృత్తంలో తిరుగుతాయి. రెండూ ఒక చుట్టుకు అదే 13 అంగుళాలు సాగాలంటే వాలు ఒకేలా ఉండకూడదు. లెక్క వేస్తే, కేంద్రం నుంచి 2 అంగుళాల దూరంలో రెక్క దాదాపు 46 డిగ్రీలు నిలువుగా లేచి ఉండాలి, 5 అంగుళాల దూరంలో 22 డిగ్రీలకు కాస్త పైన ఉంటే చాలు. ఎండిన గట్టున పడవను పెట్టినప్పుడు ఒకసారి రెక్కను చేత్తో తడిమి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇంగ్లండులో 1836లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ పడవను మరతో (స్క్రూతో) నడిపే పద్ధతికి పేటెంటు పొందాడు. మొదట ఆయన వాడింది రెండు పూర్తి చుట్లున్న పొడవాటి చెక్క మర. మరుసటి ఏడాది కాలువలో ప్రయోగాలు చేస్తుండగా అది సగం విరిగిపోయింది. పడవ ఆగిపోలేదు సరికదా, వేగం పెరిగింది! నీటిని నెట్టడానికి అంత పొడవు మర అక్కరలేదని అలా బయటపడింది. ఇవాళ్టి రెక్కలు ఆ మరలోంచి కోసిన చిన్న ముక్కలే.

ఇప్పుడు అసలు విషయం. చాలా చిన్న పడవల ఇంజన్లకు ముందుకు వెళ్లడానికి ఒక్కటే గేరు ఉంటుంది. బురద మడిలో తక్కువ గేరు, తారురోడ్డు మీద ఎక్కువ గేరు వేసుకునే ట్రాక్టరు సౌకర్యం పడవకు లేదు. ఆ గేరు పనంతా పిచ్ చేయాలి, అదీ ముందే నిర్ణయించుకుని. తక్కువ పిచ్ అయితే బరువుతో సులువుగా కదులుతుంది, కానీ ఇంజను త్వరగా గరిష్ఠ ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకు) చేరి ఇంకా పైకి పరుగెత్తాలని చూస్తుంది. ఎక్కువ పిచ్ అయితే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం దక్కాలి, అయితే ఇంజనుకు అంత బలం లేకపోతే ఆ చుట్లే తగ్గిపోతాయి.

ఈ రెండు తప్పుల్లో ఎక్కువ పిచ్చే ప్రమాదకరం, ఎందుకంటే అది నిశ్శబ్దంగా నష్టం చేస్తుంది. తక్కువ పిచ్ పెడితే ఇంజను గోల పెడుతుంది, ఎవరైనా గమనిస్తారు. ఎక్కువ పిచ్ పెడితే శబ్దం గంభీరంగా, హాయిగా వినిపిస్తుంది. లోపల మాత్రం థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచి ఉన్నా పిస్టన్లు నెమ్మదిగా కదులుతుంటాయి. ఒత్తిడి, వేడి సిలిండర్లలో ఎక్కువసేపు నిలుస్తాయి. అలా నెలల తరబడి నడిపితే ఇంజను ఆయుష్షు తగ్గుతుంది.

కాబట్టి పిచ్‌ను వేగం చూసి కాదు, ఆర్‌పీఎం చూసి ఎంచుకోవాలి. పూర్తి థ్రాటిల్‌లో ఇంజను ఏ హద్దుల మధ్య తిరగాలో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది 5000 నుంచి 6000 అనుకుందాం. 15 అంగుళాల పిచ్‌తో, ఇద్దరే ఉన్నప్పుడు ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ 5400 చూపింది. ఆరుగురు ఎక్కి, వలలూ సామానూ పెడితే 4800కే ఆగింది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని ఒక వాడుక లెక్క. 200 చొప్పున వేస్తే, 12 అంగుళాల పంకాతో బరువున్నప్పుడు 5400 వస్తుంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడు 6000 అంచుకు పోతుంది. 13 అయితే 5200, 5800. రెండూ హద్దుల్లోనే. నేనైతే 13 తీసుకుంటాను. పరీక్ష మాత్రం రోజూ మోసే బరువుతోనే చేయాలి. లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఎదుట పుట్టిగానీ వలగానీ లేని విశాలమైన నీటిలో.

వేగం సంగతి కూడా చూద్దాం. ఇంజను 5500 తిరుగుతూ, గేరు నిష్పత్తి 2:1 అయితే పంకా నిమిషానికి 2750 చుట్లు తిరుగుతుంది. 13 అంగుళాల చొప్పున గంటకు 54.5 కిలోమీటర్లు. ఫోనులోని జీపీఎస్ 46 మాత్రమే చూపితే? కంగారు అక్కరలేదు. ఆ సుమారు 16 శాతం తేడాను స్లిప్ అంటారు. రెక్క నీటిని కాస్త కోణంలో ఢీకొని వెనక్కి నెడితేనే పడవ ముందుకు పోతుంది. స్లిప్ సున్నా అయితే తోపు కూడా దాదాపు సున్నాయే. తేలికపాటి వేగపు పడవల్లో 10 నుంచి 20 శాతం మామూలే, బరువు పడవల్లో ఇంకా ఎక్కువ.

మన దగ్గర ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు ఉదయం 20 డిగ్రీలు ఉండే గాలి, మే మధ్యాహ్నం 43 డిగ్రీలకు చేరితే దాని సాంద్రత సుమారు 7 శాతం తగ్గుతుంది. ఇంజను పీల్చే ఆక్సిజనూ అంతే తగ్గుతుంది. పంకా తిప్పడానికి కావలసిన శక్తి ఆర్‌పీఎం ఘనానికి దగ్గరగా పెరుగుతుంది కనుక, 5500 తిరిగే ఇంజను వేసవిలో 130 దాకా తగ్గవచ్చు. అది దాదాపు ఒక అంగుళం పిచ్‌కు సమానం. చలికాలంలో అంచున కుదిరిన పంకా వేసవిలో బరువనిపిస్తే ఆశ్చర్యం లేదు.

వేసవిలో మరో చిక్కు, నీరు తగ్గడం. శ్రీశైలం జలాశయం నిండితే మునిగే సంగమేశ్వరాలయం నీరు తగ్గాక బయటపడుతుంది, దానితో పాటే రాళ్లూ మొద్దులూ పైకి వస్తాయి. అల్యూమినియం రెక్క రాయికి తగిలి వంగితే దాని పిచ్ అప్పుడే మారిపోయినట్టు. కొన్నిసార్లు రెక్క బాగానే ఉంటుంది గానీ, బొడ్డులో దెబ్బను తట్టుకోవడానికి పెట్టిన రబ్బరు బుష్ జారుతుంది. ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి వేగం పెరగకపోతే కొత్త పిచ్ కొనే ముందు దాన్నే చూడాలి. అది తెలియాలంటే పంకా కొత్తగా ఉన్నప్పుడే లోపలి గొట్టం నుంచి బయటి బొడ్డు దాకా పెయింటుతో ఒక గీత గీసి ఉంచాలి. ఆ గీత రెండుగా విడిపోయి పక్కకు జరిగిందంటే బుష్ మార్పించాల్సిందే.