ముట్టుకోకుండానే గిఫ్టు పెట్టెలు ఎందుకు వణుకుతాయి?

తాడిపత్రి నుంచి ఒక పదో తరగతి విద్యార్థి అడిగాడు: "సార్, క్రిస్మస్ సెలవుల్లో బ్రౌజర్‌లో ఒక పజిల్ గేమ్ ఆడాను. గిఫ్టు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన మంచుబొమ్మను నిలబెట్టాలి. మౌస్ వదిలేశాక కూడా పెట్టెలు సన్నగా వణికి, కాసేపటికి పక్కకు జారిపోతున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు కదా, ఎందుకలా?"

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. బల్లమీద పుస్తకం పెడితే బల్ల దాన్ని పైకి ఎంత బలంతో నెడుతుంది? పిల్లలు ఠక్కున "ఎంజీ" (ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం, అంటే పుస్తకం బరువు) అంటారు. అది ప్రతిచోటా పనికొచ్చే సూత్రం కాదని క్లాసులో గట్టిగా చెప్పాలి. బల్లకు ఎంజీ తెలీదు. పుస్తకం తనలోకి దిగకుండా ఎంత కావాలో అంత నెడుతుంది. మీరు పుస్తకాన్ని చేత్తో నొక్కితే ఇంకా ఎక్కువ నెడుతుంది.

మీ ఊళ్లో దొరికే నాపరాళ్లనే తీసుకో. పది బండలు పేర్చి, పైన పదకొండోది పెట్టావనుకో. బరువు పెరిగిందని అట్టడుగు బండకు ఎలా తెలుస్తుంది? పై బండ తన కింది దాన్ని కంటికి కనిపించనంత కొంచెం నొక్కుతుంది, అది దాని కింది దాన్ని నొక్కుతుంది. ఆ కబురు రాతిలో ధ్వని వేగంతో, అంటే సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. నేల తిరిగి నెట్టిన కబురు అలాగే పైకొస్తుంది. మనం రెప్ప వేసేలోపు బండలన్నీ సర్దుకుంటాయి.

గేములో ఈ కబురు నత్తనడక నడుస్తుంది. కంప్యూటర్ సాధారణంగా సెకనును 60 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కలో గురుత్వం పెట్టెకు సెకనుకు 16 సెంటీమీటర్ల వేగం ఇస్తుంది. ఆపకపోతే ఆ ముక్కలోనే పెట్టె దాదాపు 2.7 మిల్లీమీటర్లు కింది పెట్టెలోకి దిగిపోతుంది. ఆపడానికి గేమ్ ప్రోగ్రామర్ ఎరిన్ కాటో 2006లో గేమ్ డెవలపర్ల సదస్సులో వివరించిన పద్ధతి ఇలాంటి గేముల్లో బాగా వాడుకలో ఉంది. యాంగ్రీ బర్డ్స్ వాడిన బాక్స్ 2డి ఇంజిన్ (గేములో వస్తువుల కదలికను లెక్కగట్టే ప్రోగ్రాం) ఆయనదే. ఆ పద్ధతి తాకుతున్న పెట్టెలను జంట జంటగా తీసుకుని, ఒకదాన్లోకి ఒకటి దిగకుండా వాటి వేగాలను సరిచేస్తుంది. ఒక జంటను సరిచేస్తే పక్క జంట చెడుతుంది, అందుకే మళ్లీ మళ్లీ చుట్టాలి. వేగాలకు 8 చుట్లు చాలని బాక్స్ 2డి పాత వెర్షన్ సూచించేది. ఎత్తైన దొంతికి అవి చాలవు. మిగిలిన తప్పే నువ్వు చూసిన వణుకు. పెట్టె రెండు మూలల్లో ఆ తప్పు సమానంగా ఉండదు కాబట్టి అది ఇంచుక ఒరిగి, జారుతుంది.

మంచుబొమ్మ బరువైతే ఇంకా కష్టం. తేలిక పెట్టె ఒక చుట్టులో పైకి అందించగలిగేది తన ద్రవ్యరాశికి తగ్గంత ఆసరానే. బొమ్మ పెట్టెకు 100 రెట్లు బరువుంటే, 8 చుట్లు తిరిగినా ఆ ముక్కలో బొమ్మ పడే వేగం 8 శాతానికి మించి తగ్గదు! కిందటి ముక్కలో వచ్చిన జవాబుతో లెక్క మొదలుపెట్టడం వల్ల కొన్ని ముక్కలు గడిచేసరికి పరిస్థితి మెరుగుపడుతుంది. ఈలోపు పెట్టె నలిగి, ఎగిరి, దొంతి కూలవచ్చు.

అందుకే బరువైన పెట్టెలు అడుగున పెట్టు. ఒక్కోటి పెట్టాక కాసేపు ఆగు. అప్పటికి పాత బరువుల లెక్క కుదిరి ఉంటుంది, కొత్త పెట్టెది ఒక్కటే తేలాలి.