చిన్న బంగళాకు ఇంత ధర ఎందుకు? పాసడీనా పేట వెనుక కథ

దక్షిణ కాలిఫోర్నియాలోని పాసడీనా నగరంలో ‘బంగళో హెవెన్’ అనే పేట ఉంది. అక్కడ పాత ఇల్లు అమ్మకానికి వస్తే పది లక్షల డాలర్లు దాటడం ఇప్పుడు మామూలు విషయం. మన కలెక్టరు బంగళాను ఊహించుకోవద్దు. ఇవి మధ్యతరగతి కోసం కట్టిన చిన్న కొయ్య ఇళ్లు.

చాలావరకు 1900–1930 మధ్య లేచినవే. వాలు తక్కువగా ఉన్న కప్పు, ముందుకు చాచుకున్న చూరు, లావుపాటి స్తంభాల వరండా. అదే ఊళ్లో ఆర్కిటెక్టులైన గ్రీన్ సోదరులు 1908లో ఒక సబ్బుల కంపెనీ వారసుడికి గాంబుల్ హౌస్ రూపకల్పన చేశారు. కొయ్యపనికి, చేతిపనితనానికి పెద్దపీట వేసే అదే ‘క్రాఫ్ట్స్‌మన్’ శైలిని ఈ పేటలో కొద్దిపాటి ఖర్చుతో దించారు.

ఈ పేటలో దుకాణాల్లాంటివన్నీ నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంటాయి. అయితే అది ఎవరి ముందుచూపూ కాదు. ఆనాటి కొనుగోలుదారుల్లో ఎక్కువమందికి కారు లేదు, ట్రామ్ దారికి దగ్గరగా ఉంటేనే స్థలం అమ్ముడయ్యేది. అందుకే ఇరుకు స్థలాలు, పక్కపక్కనే ఇళ్లు, లేక్ అవెన్యూ అనే రోడ్డు మీద దుకాణాలు. 1940 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌కు వేగరహదారి తెరిచారు. 1951లో పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీ ట్రాములు పాసడీనాకు రావడం మానేశాయి. వీధుల కొలతలు మాత్రం మారలేదు.

1980ల్లో బంగళాను కూల్చి అపార్టుమెంటు కట్టడం ఇక్కడివారికి మింగుడుపడలేదు. సంఘంగా ఏర్పడి పోరాడారు. 1989లో ఇది నగరపు తొలి ‘లాండ్‌మార్క్’ (చారిత్రక రక్షణ ఉన్న) ప్రాంతమైంది. 2008లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు ఎక్కింది. లాండ్‌మార్క్ హోదా వల్ల వీధికి కనిపించే వైపు పెద్ద మార్పులు చేయాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలి.

ధరలో పన్నుల పాత్రా ఉంది. కాలిఫోర్నియా ఓటర్లు 1978లో ఆమోదించిన ఆస్తిపన్ను నియమం ‘ప్రపోజిషన్ 13’ ప్రకారం ఇల్లు చేతులు మారగానే పన్ను కొత్త ధర మీద లెక్కకడతారు. పాత యజమాని కట్టింది ఎంత తక్కువైనా, ఆ సౌఖ్యం కొన్నవారికి రాదు. 1972 నాటి మిల్స్ చట్టం కింద కనీసం పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని ఇంటిని కాపాడతామని మాట ఇస్తే ఆస్తిపన్ను తగ్గుతుంది. ఆ ఒప్పందం ఇంటితోపాటే కొత్త యజమానికి వస్తుంది. అమ్మకపు ప్రకటనల్లో దాని పేరు గొప్పగా చెప్పుకునేది ఇందుకే.

ఇళ్లు దక్కాయి, సంతోషమే. కానీ కాపాడుకున్న హద్దుల్లోకి కొత్తవారు రావడం కష్టమైందన్నది నా అభిప్రాయం. ఇళ్ల కొరత తీర్చడానికి 2021లో రాష్ట్రం చేసిన చట్టం, ఒక ఇల్లు మాత్రమే కట్టదగిన స్థలాన్ని రెండుగా విడదీసుకునే వీలు కల్పించింది. చారిత్రక ప్రాంతాలను మాత్రం మినహాయించింది.