పత్తి ప్యాకెట్‌లోని చిన్న సంచి

పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన క్రై1ఏసీ జన్యువు ఇందులో ఉంటుంది. దాన్ని మొక్కలోకి మోసేది ఆగ్రోబాక్టీరియం అనే మరో బాక్టీరియా. మామూలుగా అది గాయాల్లోంచి తన డీఎన్ఏ ముక్కను చొప్పించి మొక్కలకు కంతులు పుట్టిస్తుంది. ఆ కంతుల జన్యువులు తీసేసి, కావలసినది పెట్టి పంపుతారు. పక్కనే కనమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా ఉంటుంది. కనమైసిన్ కలిపిన మాధ్యమంలో పెంచితే జన్యువు చేరని కణాలు చస్తాయి, చేరినవి మిగులుతాయి. పత్తిలో అసలు కష్టం ఆ తర్వాతే. చాలా రకాల్లో కణం నుంచి పూర్తి మొక్క లేవదు. కోకర్ 312 అనే అమెరికా రకంలో బాగా లేస్తుంది కాబట్టి అందులో చేసి, మన రకాలతో తరాల తరబడి సంకరపరిచారు.

క్రై జన్యువు మొక్కలో ఒక విష ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. ఆకు తిన్న పురుగు పేగులోని క్షారగుణానికి ఈ ప్రొటీన్ కరుగుతుంది, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, ప్రొటీన్ అతుక్కునే గ్రాహకాలూ మనకు లేవు.

శనగపచ్చ పురుగు బెడద బాగా తగ్గింది. గులాబీ రంగు పురుగు మాత్రం ఎక్కువకాలం లొంగి ఉండలేదు. 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువు చేర్చి బోల్‌గార్డ్-2 అనే పత్తిని తెచ్చినా, పదేళ్లు తిరిగేలోపే దాన్నీ తట్టుకుంది.

ఒక కాయ విప్పి చూస్తే కారణం తెలుస్తుంది. మనం వేసేది హైబ్రిడ్, అంటే రెండు రకాలను సంకరపరిచిన విత్తనం. బీటీ జన్యువులు వాటిలో ఒక రకం నుంచే వస్తాయి కాబట్టి మొక్కలో ఒక్కో బీటీ జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది. అందుకని కాయలోని ప్రతి 16 గింజల్లో సగటున 9 గింజలకే రెండు విషాలూ వస్తాయి, ఆరింటికి ఏదో ఒకటి, ఒకదానికి ఏదీ రాదు. గింజ నుంచి గింజకు తొలిచే పురుగుకు అందేది అరకొర మోతాదు. అలా బతికిన పురుగులే తర్వాతి తరాన్ని కంటాయి.

దీనికి విరుగుడుగానే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ (బీటీ జన్యువు లేని) విత్తనాల సంచి ఇచ్చారు. చేను చుట్టూ వేస్తే అక్కడ పెరిగిన మామూలు పురుగులు, తట్టుకున్న పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. చాలామంది ఆ సంచి వేయలేదు. రైతును తప్పుపట్టడం తేలిక. కానీ ఆ వరుసల్లో నష్టం అతనొక్కడిది, లాభం ఊరందరిదీ. ఆ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా అమ్మడం నా దృష్టిలో అన్యాయమే. చైనాలో రైతులు హైబ్రిడ్ల రెండో తరం గింజ వేసినప్పుడు అక్కడి పత్తిలో బీటీ జన్యువు ఒక్కటే కాబట్టి నాలుగో వంతు మొక్కలు నాన్ బీటీవే వచ్చాయి. ఆ మొక్కలే మన నాన్ బీటీ వరుసలు చేయాల్సిన పని చేశాయి, అక్కడ గులాబీ రంగు పురుగు తట్టుకునే గుణం వెనక్కి తగ్గింది.

గడ్డి మందును తట్టుకునే పత్తి సంగతి ఇంకా ఘోరం. దానికి అనుమతే లేదు. బిల్లు లేకుండా దొంగచాటుగా కొన్న విత్తనం మొలవకపోతే పరిహారం అడిగే దారి ఉండదు.

ఇప్పుడు చేయగలిగింది చేలోనే ఉంది. మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు మగ రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలి. రేకులు విచ్చుకోని గుడ్డిపూలు కనబడగానే ఏరి నాశనం చేయండి. డిసెంబరుకల్లా పంట తీసేసి కట్టె పీకాలి. కొసకాపు మీద ఆశతో ఫిబ్రవరి దాకా ఉంచిన చేలోనే వచ్చే ఏటి పురుగు దాక్కుంటుంది.