అవ్వ ఉత్తరం: ఆ ఫారం మళ్ళీ రాయండి

చిన్నోడికి, పాపకి, మీ హాస్టల్ రూముల్లో ఉండే పిలకాయలందరికీ,

నిన్న పాప ఫోన్లో నవ్వతా చెప్పింది గదా, యూనివర్సిటీ టీముకి సెలెక్ట్ అయినోళ్ళందరికీ నాలుగు పేజీల మెడికల్ ఫారం ఇచ్చినారు, అందులో "మీ ఇంట్లో 50 ఏళ్ళ లోపల ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా" అని కూడా ఉండాది, పెళ్ళి సంబంధానికి వాకబు చేసినట్టు ఇదేం ప్రశ్న అవ్వా, మేమిద్దరం లేదు అని టిక్కు కొట్టి ఇచ్చేసినాం అని. ఫోన్ పెట్టేసినాక నాకు నిద్ర పట్టలే. తప్పు మీది కాదు, మేమే ఎప్పుడూ చెప్పలే. నాకొక తమ్ముడు ఉండె, మీ అమ్మకి మేనమామ. 34 ఏళ్ళు. ఒక సాయంత్రం వాలీబాల్ ఆడతా ఆడతా నెట్టు కాడ కూలబడినాడు, మళ్ళీ లేయలే. దిష్టి అన్నారు, ఎండదెబ్బ అన్నారు, గుండె అన్నారు, ఎవరూ తేల్చి చూడలే. ఆ పేరెత్తితే మా అమ్మ ఏడుస్తాది అని ఇంట్లో ఆ మాటే మానేసినాం, ఆమె పోయినాక గూడా అట్నే అలవాటై పోయింది.

కాబట్టి ముందు ఆ ఫారం వెనక్కి తీసుకోండి. గుండె కండరం ఉండాల్సినదానికంటే మందంగా పెరిగే జబ్బు ఒకటి ఉంది, దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటాదంట, చాలామందికి ఏ బాధా తెలీదు, వంశంలో వస్తాది, తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకి సగం ఛాన్సు. గట్టిగా ఆడేటప్పుడు గుండె లయ తప్పి మనిషి పడిపోతాడు. మా తమ్ముడికి అదే అని నేను చెప్పలేను, కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. ఈసీజీ, అవసరమైతే ఎకో అనే గుండె స్కానింగు, అంతే పరీక్షలు. ఇటలీలో 1982 నుంచీ ఆటగాళ్ళకి ఈసీజీతో పరీక్ష చట్టం చేసినారు, ఆ తర్వాత అక్కడ వెనెటో అనే ప్రాంతంలో పిలకాయలు ఆటలో చనిపోవడం 89 శాతం తగ్గిందని 2006లో డాక్టర్లు లెక్క రాసినారు. అందరికీ ఈసీజీ తీయాలా వద్దా అని వేరే దేశాల డాక్టర్లు ఇంకా వాదించుకుంటా ఉండారు, వాదించుకోనీ, మన ఇంట్లో జరిగింది గనక మీకు తీయాల్సిందే.

ఇంక అసలు విషయం. పాప అడిగింది, "అవ్వా, స్పోర్ట్స్ సైన్స్ సపోర్ట్ అంటా ఉండారు, ఫిజియో అంట, న్యూట్రిషన్ మేడం అంట, స్ట్రెంగ్త్ కోచ్ అంట, ఇంతమంది ఎందుకు, నువ్వు ఆడినప్పుడు ఎవరుండ్రి" అని. నేను ఆడినప్పుడు ఎవురూ లేరు తల్లీ. 1978లో నేను ఖో-ఖో ఆడతా పోల్ కాడ గిర్రున తిరిగినప్పుడు మోకాల్లో టప్ మని శబ్దం వచ్చింది, పక్కన కూర్చున్న పిల్లకి గూడా వినపడింది. గంటలోపల మోకాలు గుమ్మడికాయ మాదిరి ఉబ్బింది. బెణికింది అన్నారు, పసుపు పట్టు వేసినారు, మూడు వారాలకి నడిచినా, నడిచినాను గదా అని మళ్ళీ ఆడమన్నారు. మ్యాచ్ రోజు నొప్పి తెలీకుండా ఒక సూది గూడా పొడిపించినారు, ఎవరో చెప్పను, ఆయన మంచి మనసుతోనే చేసినాడు అనుకుంటా. రెండో పరుగులోనే మోకాలు పక్కకి జారిపోయింది. ఆ తర్వాత నేను పీఈటీగా ఆడపిల్లలకి ఆట నేర్పించినాను గానీ నేను ఆడలే. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎమ్మారై తీస్తే అప్పుడు తెలిసింది, మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టుకునే ఏసీఎల్ అనే లిగమెంటు ఎప్పుడో తెగిపోయి ఉండాది అని.

టప్ మని శబ్దం, కొన్ని గంటల్లో వాపు, మోకాలు నిలవకుండా జారినట్టు ఉండడం. ఈ మూడూ ఉంటే బెణుకు అని ఎవరన్నా వినొద్దండి. ఆపరేషన్ అయితే గూడా 9 నెలలు ఆగాల, అంతకంటే ముందే గ్రౌండులోకి దిగిన కుర్రోళ్ళకి మళ్ళీ తెగే ప్రమాదం దాదాపు ఏడింతలు అని 2020లో స్వీడన్ వాళ్ళు లెక్క చెప్పినారు. ఇంకోటి, నెలలు అయిపోతే సరిపోదు, ఒంటికాలి మీద గెంతించి రెండు కాళ్ళూ పోల్చి చూస్తారు, దెబ్బ తగిలిన కాలు మంచి కాలులో 90 శాతం అన్నా చేయాల. ఆడొచ్చు అని చెప్పాల్సింది డాక్టరు, కోచ్ కాదు, కోచ్‌కి మ్యాచ్ ఉంటాది, డాక్టరుకి ఉండదు. ఈ ఒక్క విషయంలో మీరు ఎవరికీ మొహమాట పడొద్దు.

ఆడపిల్లలకి ఈ మోకాలు తెగడం మగపిల్లల కంటే రెండు మూడింతలు ఎక్కువ, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగడం ఒక కారణం. పాపా, నువ్వు కబడ్డీలో చైన్ తెంచుకుని దూకి దిగేటప్పుడు ఎవరి చేతన్నా ముందు నుంచి వీడియో తీయించుకో, మోకాళ్ళు రెండూ ముద్దు పెట్టుకుంటా ఉంటే మీ ఫిజియోకి చూపించు. చిన్నోడా నీకు 400 మీటర్లు గనక తొడ వెనక కండ. మోకాళ్ళ మీద కూర్చుని వెనక ఎవరన్నా నీ మడమలు గట్టిగా పట్టుకుంటే నువ్వు నిలువుగా అట్నే మెల్లగా ముందుకి వాలిపోవాల, నార్డిక్ అంటారు దాన్ని, అది క్రమంగా చేసిన టీముల్లో తొడ కండ పట్టేయడం సుమారు సగానికి తగ్గిందంట. ఖర్చు లేదు, మిషన్ లేదు, ఒక ఫ్రెండు చాలు. అయినా ఎవురూ చేయరు, ఎందుకంటే మొదటి వారం కూర్చోలేరు లేలేరు.

చీలమండ బెణికితే ఏం చేయాల అని మీ ఫ్రెండు అడిగిందంట. మన పక్క అయితే ఎవరైనా ఫస్టు చెప్పేది పుత్తూరు కట్టే. నేను దాన్ని తక్కువ చేయను, మా నాయన చెయ్యి ఆడే కట్టించినాం, బాగా అతుక్కుంది. కానీ కట్టు కట్టే ముందు ఎక్స్‌రే తీయించాల, లిగమెంటు అయితే ఎక్స్‌రేలో గూడా కనపడదు, దాన్ని డాక్టరే చూడాల. ఒక లెక్క పెట్టుకోండి, దెబ్బ తగిలిన వెంటనే గూడా, ఆస్పత్రి కాడ గూడా నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదంటే చీలమండ రెండు పక్కలా ఉండే గుండ్రటి ఎముక మీద, ముఖ్యంగా దాని వెనక అంచు మీద నొక్కితే నొప్పి పుడితే, ఎక్స్‌రేకి పోవాల్సిందే. కెనడాలో ఒటావా డాక్టర్లు 1992లో కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ అందరూ అదే వాడతారు. తిరుపతిలో ఎముకలకి బర్డ్ ఆస్పత్రే ఉండాది గదా, అంత దగ్గర పెట్టుకుని హాస్టల్ వార్డెన్ ఇచ్చే స్ప్రే కొట్టుకుని పడుకోవద్దండి. ఐసు నొప్పికి మంచిదే, వాపునీ గాయాన్నీ అదే మాన్పుతాది అనుకోవద్దు, ఐసు పెట్టి కదలకుండా ఉండు అని 1978లో పుస్తకంలో రాసిన డాక్టరే తర్వాత ఆ మాట మార్చుకున్నాడు. ఒకటి రెండు రోజులు జాగ్రత్తగా ఉండి, ఆ తర్వాత నొప్పి ఒప్పుకున్నంత మేరకి కదిలించాల.

అలిపిరి మెట్ల సంగతి గూడా ఈడే చెప్పేస్తా. సీనియర్లు వారానికి రెండు సార్లు మెట్లు పరిగెత్తి ఎక్కి పరిగెత్తి దిగుతా ఉండారంట, 3550 మెట్లు. ఎక్కడం మంచిదే, గుండెకి ఊపిరికి మంచి పని. దిగడమే కాళ్ళని తినేస్తాది, దిగేటప్పుడు కండ సాగతా బరువు మోయాల, అందుకే మీకు రెండో రోజు తొడలు రాళ్ళు అయిపోతాయి, మోకాలిచిప్ప మీద బరువు గూడా అప్పుడే ఎక్కువ. ఎక్కేసి దర్శనం అయితే చేసుకుని, బస్సులో దిగండి. మొక్కు వేరు, ట్రైనింగ్ వేరు. ఇంకొకడు ఎవడో తిరుమలలో ఉండి ప్రాక్టీస్ చేస్తే ఆల్టిట్యూడ్ ట్రైనింగ్, అంటే ఎత్తైన చోట పల్చటి గాలిలో చేసే ట్రైనింగ్, అయిపోతాది అన్నాడంట, నవ్వొచ్చింది నాకు, కొండ ఎత్తు 1000 మీటర్లు గూడా లేదు, రక్తం మారాలంటే 2000 మీటర్లు దాటాల, స్వామి కృప ఎంత ఉన్నా గాలి గాలే.

ఇప్పుడు రోజూ చేసే పని. ఒక 20 రూపాయల నోట్‌బుక్కు కొనుక్కోండి. ప్రాక్టీస్ అయినాక అరగంటకి, ఈ రోజు ఎంత కష్టమయింది అని 0 నుంచి 10 లోపల ఒక అంకె వేసుకోండి, దాన్ని ఎన్ని నిమిషాలు చేసినారో దాంతో గుణించండి. 90 నిమిషాలు, కష్టం 6, అంటే 540. వారం మొత్తం కూడండి. ఒక వారం 2000 ఉండి తర్వాతి వారం ఉన్నట్టుండి 3500 అయిందంటే, ఇంటర్ కాలేజి మీట్ వస్తా ఉంది అని కోచ్ తోముతా ఉండాడు అని అర్థం, గాయాలు వచ్చేది అట్లాంటి వారాల్లోనే. దాని పక్కన ఎన్ని గంటలు నిద్రపోయినారో రాయండి, నొప్పి యాడ ఉందో రాయండి. నిద్ర గురించి మీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ పిలకాయల్ని కొన్ని వారాలు రాత్రికి 10 గంటలు మంచం మీద ఉండమన్నారు, ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయినాయి, 2011లో అచ్చయింది అది. మీరు రీల్సు చూస్తా ఒంటి గంట దాకా.

ఎండ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ మీకు చెప్పక్కర్లేదు, 40 దాటేస్తాది. సెలవల తర్వాత వచ్చి మొదటి రోజే మధ్యాహ్నం మూడింటి ఎండలో ఫుల్ ప్రాక్టీస్ చేయొద్దు, ఒంటికి అలవాటు అవడానికి 10 నుంచి 14 రోజులు పడతాది, రోజూ రొంత రొంత పెంచాల. గ్రౌండుకి పోయే ముందు ఒకసారి, వచ్చినాక ఒకసారి బరువు చూసుకోండి, కిలో తగ్గినారంటే దాదాపు లీటరు నీళ్ళు చెమటగా పోయినట్టు. 60 కిలోల మనిషికి 1.2 కిలోలు తగ్గితే అప్పటికే 2 శాతం, ఆడికి వచ్చేసరికి ఆట పడిపోతాది. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి, ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే దాని మీద రాసినంత నీళ్ళల్లోనే కలపండి, చిక్కగా ఉంటే బలం అనుకోవద్దు. ఎవరైనా ఎండలో తూలతా, పిచ్చి పిచ్చిగా మాట్లాడతా, పడిపోతే అది ఎండదెబ్బే అనుకోవాల, లోపల ఒంటి వేడి 40 దాటి ఉండొచ్చు. 108కి ఒకరు ఫోన్ చేస్తా ఉండగానే మిగతావాళ్ళు మనిషిని చల్లటి నీళ్ళ తొట్టిలో ముంచాల, తొట్టి లేకపోతే బకెట్లతో పోస్తానే ఉండాల, తల మాత్రం పైనే పెట్టి. ముందు చల్లబరచాల, తర్వాతే ఆస్పత్రి.

ఇది పాపకి, రూములో ఆడపిల్లలకి. చిన్నోడా నువ్వు గూడా చదువు, ఏం కాదు. ప్రాక్టీస్ ఎక్కువయితే నెలసరి రాకపోవడం మామూలే, ఫిట్‌నెస్ వచ్చినట్టు లెక్క అని మీ సీనియర్ అన్నదంట. మామూలు కాదు. తినేది చాలక ఒళ్ళు ఒక్కొక్క పనీ ఆపుకుంటా వస్తా ఉంది అని అర్థం, తర్వాత ఎముకలు సన్నబడి కాలి ఎముకలో పగులు వస్తాది. ఒలింపిక్ కమిటీ డాక్టర్లు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టినారు, మగపిల్లలకి గూడా వస్తాది. మూడు నెలలు రాకపోతే డాక్టరుకి చెప్పాల, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. రక్తం గూడా, హిమోగ్లోబిన్ 12 లోపల ఉంటే ఎంత పరిగెత్తినా ఆయాసమే. మన దేశంలో ఆడోళ్ళలో సగానికి పైగా రక్తం తక్కువ అని సర్కారు సర్వేలే చెప్తా ఉండాయి. టిఫిన్ తిన్న వెంటనే టీ తాగొద్దు, తిండిలో ఇనుముని ఒంటికి పట్టనీదు అది, నిమ్మకాయ పిండుకోండి, అది పట్టిస్తాది. సంగటి, ఉలవలు, పితికిపప్పు, చెనక్కాయలు, గుడ్డు, ఇంతకంటే ఏం కావాల. కిలో బరువుకి 1.2 నుంచి 2 గ్రాముల దాకా ప్రోటీన్ చాలు ఆటగాళ్ళకి, జిమ్ము కుర్రోడు అమ్మే డబ్బాలో ఏం కలిపినారో వాడికే తెలీదు.

డబ్బా అంటే గుర్తొచ్చింది, మందులు. దగ్గు వస్తే మెడికల్ షాపులో సిరప్ అడిగి తాగేస్తారు గదా, మన దేశంలో చాలా దగ్గు మందుల్లో టెర్బుటలిన్ ఉంటాది, అది డోపింగ్ లిస్టులో, అంటే ఆటగాళ్ళకి నిషేధించిన మందుల లిస్టులో ఉండాది, ఎప్పుడూ వాడకూడనిదే. తెలీక తాగినాను అంటే మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్ళు వినరు, ఒంట్లో దొరికితే బాధ్యత నీదే. షాపులో ఏం కొన్నా అట్ట మీద పేర్లు ఫోటో తీసి మీ డాక్టరుకి పంపి, సరే అన్నాకే మింగండి. నిజంగా జబ్బుకి అదే మందు కావాలంటే ముందే పర్మిషన్ రాయించుకోవచ్చు.

పరీక్ష అంటే భయపడతారు గానీ, పరీక్ష లేకపోయినా నష్టమే. వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి, 2020 జనవరిలో మూడబిద్రి ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది, అప్పటి మన దేశపు రికార్డు 13.38. అయినా రికార్డు ఇయ్యలే, ఆడ డోపింగ్ పరీక్ష జరగలేదు అని. 2022లో కోళికోడ్‌లో 13.09 పరిగెడితే వెనక నుంచి తోసే గాలి సెకనుకి 2.1 మీటర్లు ఉంది, 2.0 దాటకూడదు, అదీ పోయింది. ఆ మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే అప్పుడు రాసుకున్నారు. మరుసటేడు వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో 12.78. ఆ పిల్ల రెండు సార్లు పోగొట్టుకున్నది కాళ్ళ తప్పు వల్ల కాదు చూడండి.

సంచిలో రాగిపిండి రెండు కిలోలు, చెనక్కాయల చిక్కీ పెట్టినాను, శుక్రవారం మీ మామ బస్టాండుకి తెస్తాడు, స్టీలు డబ్బా మాత్రం తిరిగి పంపండి, పోయినసారి డబ్బా ఇంకా రాలే. ఫారం మళ్ళీ రాసినాక ఆ పేజీ ఫోటో తీసి నాకు పెట్టండి. అవును కాడ టిక్కు, పక్కన "అమ్మ మేనమామ, 34 ఏళ్ళు, ఆడతా ఉండగా" అని రాసింది నాకు కనపడాల.

మీ అవ్వ,
తిరుపతి